మన సడక్ – దాని పాత ఆనవాళ్ళు



పండుగ సెలవులకు ఇంటికి పోవాలన్నా, సెలవులు అయిపోయి మళ్ళీ బడికి రావాలన్నా మనలో చాలామంది చిట్యాల మీదుగా పోయే పెద్ద రోడ్డు ఎక్కవలసిందే. పటంలో దాని పేరు జాతీయ రహదారి 65. పెద్దవాళ్ళు ఇప్పటికీ "తొమ్మిదో నంబరు రోడ్డు" అంటారు. ఎందుకంటే 2010లో దేశంలోని రహదారుల నంబర్లు మార్చేదాకా అది 9వ నంబరే. పూనా నుండి బయలుదేరి హైదరాబాదు, సూర్యాపేట, విజయవాడ దాటి మచిలీపట్నం దగ్గర సముద్రం దాకా పోతుంది. మా దాదా మాత్రం ఏ నంబరూ అనడు. "బెజవాడ సడక్" అంటడు.

ఈ సడక్ గురించి నేను రాయడానికి ఒక కారణం ఉంది. పోయినసారి బస్సులో వస్తుంటే నా పక్కన కూర్చున్న ఒకాయన ఏ ఊరు, ఏ తండా అని అడిగి, చివరికి ఇట్లా అన్నడు: "మీరు ఎక్కడినుంచో వచ్చినోళ్ళు గద, ఈ ఊర్లకు, ఈ రోడ్లకు మీకేం సంబంధం?" ఆయన కోపంగా ఏమీ అనలేదు, నవ్వుతూనే అన్నడు. అయినా నాకు జవాబు దొరకలేదు. బడికి వచ్చినాక సోషల్ సార్‌కు చెప్పిన. సార్ నవ్వలేదు, కోపం చేయలేదు. "జవాబు నన్ను అడగకు, రోడ్డును అడుగు" అన్నడు. అట్లా మొదలైంది ఈ పని. సార్ చెప్పిన పాఠం, మా దాదా చెప్పిన మాటలు, మేము కళ్ళతో చూసినవి కలిపి ఇక్కడ రాస్తున్నాను.

1. మోటారుకు ముందు బాట

సముద్రం ఒడ్డున మచిలీపట్నం రేవు. ఇక్కడ గోల్కొండ కోట, తర్వాత హైదరాబాదు నగరం. కుతుబ్‌షాహీ రాజుల కాలంలో ఈ రెండింటి నడుమ రాకపోకలు బాగా ఉండేవి. ఇంగ్లీషు వాళ్ళు 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టుకున్నారు. రేవు నుండి ఉప్పు, విదేశీ సరుకులు పైకి వచ్చేవి. ఇక్కడి నుండి వజ్రాలు, బట్టలు కిందికి పోయేవి.

ఆ పాత బాట ఇప్పటి రోడ్డు మీదనే పోయిందని అనుకోవద్దు. ఆ కాలపు ప్రయాణికుల రాతల్లో నల్లగొండ పక్కన ఉన్న పానగల్లు పేరు వస్తుంది. అంటే పాత బాట మనకు దక్షిణంగా, నల్లగొండ పక్క నుండి పోయిందన్నమాట. బాట కూడా నది లాంటిదే. కాలాన్ని బట్టి పక్కకు జరుగుతుంది.

బాటసారులు రాత్రి పూట ఆగడానికి సరాయిలు ఉండేవి. హైదరాబాదుకు పోయేటప్పుడు హయత్‌నగర్ వస్తుంది కదా, అది హయత్ బక్షీ బేగం పేరు మీద వెలసిన ఊరు. ఆమె మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు. అక్కడ పెద్ద మసీదు, దాని చుట్టూ బాటసారుల కోసం కట్టిన గదుల వరుసలు, పక్కన పెద్ద బావి ఇప్పటికీ ఉన్నాయి. ఈసారి బస్సు అటు పోయినప్పుడు కిటికీలోంచి చూసి వదిలేయకండి, దిగి చూడండి.

2. ఎద్దుల బిడార్లు

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆ బాట మీద సరుకు ఎవరు మోసారు?

ఫ్రాన్సు దేశపు వజ్రాల వ్యాపారి టావెర్నియర్ 17వ శతాబ్దంలో మన దేశానికి చాలాసార్లు వచ్చాడు. ఆయన ప్రయాణాల పుస్తకం 1676లో అచ్చయింది. గోల్కొండ నుండి మచిలీపట్నం బాటలో బండ్లు నడవడం చాలా కష్టమని, ఎద్దుల మీద, గుర్రాల మీద వేసి సరుకు తీసుకుపోతారని ఆయన రాశాడు. అట్లాగే ధాన్యం, బియ్యం, పప్పులు, ఉప్పు మోసే తెగల గురించి కూడా రాశాడు. పది పన్నెండు వేల ఎద్దులు ఒక్క బిడారులో పోయేవట. ఇరుకు బాటలో బిడారు ఎదురైతే అది మొత్తం దాటేదాకా రెండు మూడు రోజులు ఆగవలసి వచ్చేదట. వాళ్ళకు ఇల్లంటూ లేదు, పుట్టుక నుండి చావు దాకా డేరాల్లోనే అని రాశాడు.

ఆ మనుషులు ఎవరో కాదు, బంజారాలు. అంటే లంబాడీలు. అంటే మనలో చాలామంది తాతల తాతలు. ఎద్దుల మీద సరుకు వేసుకుని తిరిగే ఆ వ్యాపారాన్ని మా వాళ్ళు "లదేణి" అంటారు. తెలుగులో అటువంటి ఎద్దులను పెరిక ఎద్దులు అంటారు. లంబాడీ అన్న పేరు కూడా "లవణం", అంటే ఉప్పు, అన్న మాట నుండి వచ్చిందని కొందరు పండితులు చెబుతారు.

ఒక చిన్న లెక్క చేద్దాం. ఒక ఎద్దు 100 కిలోలు మోస్తుందనుకుందాం. 10,000 ఎద్దులు 10 లక్షల కిలోలు, అంటే 1000 టన్నులు మోస్తాయి. 10 టన్నుల లారీలైతే 100 లారీలు కావాలి. ఇప్పుడు సడక్ పక్కన నిలబడి 100 లారీలు లెక్కపెట్టి చూడండి. అంత సరుకు మన వాళ్ళు నడిచి తెచ్చారు. ఎద్దులు మేస్తూ, నీళ్ళు తాగుతూ రోజుకు 10 కిలోమీటర్లు నడిచాయనుకుంటే హైదరాబాదు నుండి చిట్యాల దాకా, సుమారు 80 కిలోమీటర్లకు, 8 రోజులు. ఇప్పుడు బస్సు రెండు గంటల్లోపే వస్తున్నది.

3. రైలు వచ్చింది, ఎద్దు దిగింది

1874లో వాడి నుండి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. 1889 నాటికి ఆ రైలు కాజీపేట మీదుగా బెజవాడ దాకా పోయింది. రైలు రాగానే ఉప్పు, ధాన్యం డబ్బాలు ఎక్కినయి. వేల ఎద్దుల బిడార్లకు పని లేకుండా పోయింది. అప్పటికే, 1871లో, ఇంగ్లీషు ప్రభుత్వం ఒక చట్టం చేసింది. దాన్ని నేరస్థ తెగల చట్టం అంటారు. తిరుగుతూ బతికే అనేక తెగలను పుట్టుకతోనే నేరస్థులని అందులో రాసుకున్నారు. బంజారాలను కూడా కొన్ని చోట్ల ఆ జాబితాలో పెట్టారు. బాట మీద బతికిన వాళ్ళకు బాట మీద నడవడమే తప్పయింది. స్వతంత్రం వచ్చినాక 1952లో ఆ చట్టం పోయింది. తెలంగాణలో లంబాడీలను షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చిన చట్టం 1976లో వచ్చింది.

ఎద్దులు దిగినాక మన వాళ్ళు గుట్టల పక్కన, అడవి అంచున తండాలు కట్టుకుని ఎవుసం మొదలుపెట్టారు. మనం "ఎక్కడినుంచో" వచ్చినవాళ్ళమే. కాని ఈ బాట మీదనే వచ్చినం, ఈ బాట పోయినందుకే ఇక్కడ ఆగినం.

4. మోటారు సడక్

రైలు కాజీపేట మీదుగా పోయింది. చిట్యాల, నార్కట్‌పల్లి, సూర్యాపేట వైపు రాలేదు. చిట్యాల మీదుగా పోయే బీబీనగర్–నడికుడి రైలు మార్గం పూర్తయ్యేసరికి 1980లు గడిచినయి. అంటే బెజవాడకు రైలు పోయిన వందేళ్ళకు అన్నమాట. ఆ వందేళ్ళు ఈ ప్రాంతానికి సడకే దిక్కు. అందుకే మన దగ్గర మోటారు అంత ముఖ్యమయింది.

హైదరాబాదుకు మోటారు కారు మొదట రాజుల వాహనంగా వచ్చింది. నిజాం కోసం తెప్పించిన రోల్స్ రాయిస్ కారు ఒకటి చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. అది కొన్ని వందల మైళ్ళు మాత్రమే తిరిగిందని చెబుతారు. ప్రజల మోటారు వేరే. 1930లో నిజాం ప్రభుత్వం రైల్వేను కంపెనీ దగ్గర నుండి కొనుక్కున్నది. 1932 జూన్‌లో ఆ రైల్వేలోనే రోడ్డు రవాణా శాఖ పెట్టింది. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. అంతే! మన ఆర్టీసీకి పుట్టుక అదే. తర్వాత 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ ఏర్పడింది. రాష్ట్రం విడిపోయినాక తెలంగాణ ఆర్టీసీ వచ్చింది.

బస్సు వస్తే సరిపోదు, రోడ్డు ఉండాలి. పాత రోడ్డును "కంకర రోడ్డు" అంటారు. దాని పద్ధతి స్కాట్లండుకు చెందిన మెకాడం (1756–1836) చెప్పింది. చిన్న చిన్నగా కొట్టిన కంకరను పొరలు పొరలుగా పరవాలి. మూలలున్న ముక్కలు ఒకదానితో ఒకటి పట్టుకుని గట్టిపడతాయి. నడుమ కొంచెం ఎత్తుగా ఉంచి నీళ్ళు రెండు పక్కలకు పోయేటట్టు చేయాలి. మన దగ్గర పైన మొరం పోసి, నీళ్ళు చల్లి, రోలరు తిప్పేవాళ్ళు. కంకర ఎవరు కొట్టారు? ఎండలో కూర్చుని సుత్తెతో రాయి కొట్టిన వడ్డెర వాళ్ళు, కూలీలు. రోడ్డు ప్రారంభించినవాళ్ళ పేర్లు శిలాఫలకం మీద ఉంటాయి. కంకర కొట్టినవాళ్ళ పేర్లు ఏ ఫలకం మీదా నేను చూడలేదు.

బండి చక్రానికి ఇనుప పట్టా ఉంటుంది. అది రాయిని నలిపి పొడి చేస్తుంది, ఆ పొడే కంకర సందుల్లో కూరుకుని రోడ్డును పట్టి ఉంచుతుంది. మోటారు రబ్బరు చక్రం అట్లా కాదు. వేగంగా పోతూ ఆ పొడిని బయటికి లాగేస్తుంది. దుమ్ము లేస్తుంది, కంకర లేచిపోతుంది. అందుకే డాంబరు కావలసి వచ్చింది. 1902లో మొనాకోలో గుగ్లియెల్మినెట్టి అనే డాక్టరు రోడ్డు మీద దుమ్ము అణచడానికి తారు పూయించి చూశాడు. అక్కడి నుండి ఆ పద్ధతి లోకమంతా పాకింది.

మా దాదా పడుచుతనంలో డాంబరు పనికి పోయిండు. ఆయన లంబాడీలో చెప్పింది నేను తెలుగులో రాస్తున్న: "కాళ్ళకు గోనెపట్టాలు కట్టుకునేటోళ్ళం బిడ్డా. అయినా కాలేది. డాంబరు కాగుతుంటే ఆ పొగకు కండ్లు మండేవి. సాయంత్రం గ్యాసునూనెతోటి చేతులు కడుక్కునేది. గా నూనె వాసన తోటే బువ్వ తినేది." ఈ మాట విన్నాక నాకు రోడ్డు మీద నడవాలంటే ఏదో లెక్క కనిపించింది.

5. సడక్ మీద సైన్యం

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు రాజ్యంలోకి వచ్చింది. పడమర నుండి షోలాపూర్ దారిలో ఒక భాగం, తూర్పున బెజవాడ దారిలో ఒక భాగం. 15వ తేదీన సూర్యాపేట దగ్గర వెనక్కి పోతున్న నిజాం సైన్యం మూసీ వంతెనను పేల్చివేసింది. భారత సైన్యం దాన్ని త్వరగానే బాగు చేసుకుని ముందుకు వచ్చింది. నార్కట్‌పల్లి దగ్గర రజాకార్లతో పోరు జరిగింది. 17న నిజాం కాల్పులు ఆపమని ప్రకటించాడు. పుస్తకంలో ఒక్క పేరాలో ఉండే ఈ సంగతి మనం రోజూ చూసే సడక్ మీదనే జరిగింది.

6. మేము చూసిన పాత ముక్క

పెద్ద రోడ్డు 2012 నాటికి నాలుగు వరుసలయింది. రోడ్డును వెడల్పు చేసేటప్పుడు వంకరలను సరిచేస్తారు. అప్పుడు పాత మలుపు ముక్కలు పక్కకు మిగిలిపోతాయి. వార్డెన్ సార్ పర్మిషన్ తీసుకుని ఒక ఆదివారం సోషల్ సార్, నేను, ఇంకో ముగ్గురం అటువంటి ఒక ముక్క చూడపోయినం. టేపు, నోటుబుక్కు, నీళ్ళ సీసా తీసుకున్నం.

మొదట ఏమీ కనపడలేదు. తుమ్మ చెట్లు, గడ్డి. తర్వాత సార్ "చెట్లను చూడండి" అన్నడు. చింతచెట్లు రెండు వరుసలుగా ఉన్నయి. చెట్టు తనంతట తాను వరుసలో మొలవదు కదా! రెండు వరుసల నడుమ గడ్డి తొలగిస్తే డాంబరు పెచ్చులు. వాటి కింద కంకర, దాని కింద పెద్ద రాళ్ళు. డాంబరు మిగిలిన వెడల్పు కొలిస్తే 12 అడుగులు. అంటే ఒక్క బస్సు పోయే దారి. రెండు బస్సులు ఎదురైతే ఒకటి మొరంలోకి దిగవలసిందే. కొంచెం దూరంలో చెక్కిన రాళ్ళతో కట్టిన చిన్న కల్వర్టు. రాళ్ళ సందుల్లో సిమెంటు లేదు, తెల్లటి సున్నం ఉంది.

"నిజాం కాలందే సార్!" అని నేను అరిచిన. సార్ ఒప్పుకోలేదు. "సున్నం ఉంటే పాతది కావచ్చు. సిమెంటు వచ్చినంక కూడా సున్నంతో కట్టినోళ్ళున్నరు. ఒక్క సాక్షితో తీర్పు చెప్పొద్దు" అన్నడు.

ఆ తర్వాత అసలు తప్పు జరిగింది. గట్టు పక్కన సగం పూడిన రాయి ఒకటి కనపడింది. మైలురాయి దొరికిందని మాకు ఒకటే సంతోషం. మట్టి తీసి, నీళ్ళు పోసి కడిగినం. అంకెలు లేవు. ఇంకొంచెం తవ్వుతుంటే ఒక రైతు కేక వేసుకుంట వచ్చిండు. "ఏయ్ పోరగాండ్లూ! గది మా హద్దురాయి. గది కదిలితే రేపు పంచాయితీ అయితది!" సార్ ఆయనకు దండం పెట్టి తప్పయిందన్నడు. మేమే మట్టి మళ్ళీ కప్పి గట్టిగా తొక్కినం. అప్పుడు ఆ రైతు చల్లబడి, "గీ చింతల కింద బస్సులు ఆగేది, మా నాయిన నన్ను భుజాల మీద ఎక్కించుకుని బస్సు చూపెట్టిండు" అన్నడు. మైలురాయి దొరకలేదు గాని, సాక్షి దొరికిండు. ఇంటికి వస్తుంటే సార్ అన్నడు: "చరిత్ర కోసం పోయి మంది భూమి హద్దు కదిలిస్తే అది చరిత్ర కాదు, నేరం."

7. అమెరికాలో ఒక రోడ్డు

ఇటువంటి పని మనమే కాదు, వేరే దేశాలలో కూడా చేస్తున్నారు. అమెరికాలో న్యూయార్కు పక్కన లాంగ్ ఐలాండు ఉంది. అక్కడ వాండర్‌బిల్ట్ అనే ధనవంతుడు 1908లో మోటారు కార్ల కోసమే ఒక రోడ్డు వేయించాడు. బండ్లు, గుర్రాలు దాని మీదికి రాకూడదు. అడ్డదారులు తగలకుండా వంతెనలు కట్టించాడు. పొడవు సుమారు 72 కిలోమీటర్లు. మొదట్లో 2 డాలర్లు కట్టినవాళ్ళే ఎక్కాలి. తర్వాత ప్రభుత్వం వేసిన మంచి రోడ్లు, డబ్బులు లేకుండా పోయేవి, వచ్చినయి. ఈ రోడ్డుకు గిరాకీ తగ్గి 1938లో మూతపడింది.

ఇప్పుడు దానిలో ఒక ముక్క సైకిళ్ళ బాట అయింది. మిగతాది ఇండ్ల కింద, చెట్ల కింద పోయింది. అయినా అక్కడి చరిత్ర అభిమానులు పాత పటాలు పట్టుకుని తిరుగుతూ, ఎవరి పెరట్లోనో మిగిలిన కాంక్రీటు కంబం, ఎక్కడో నిలిచిన వంతెన వెతికి రాసిపెడుతున్నారు. ముప్పై ఏళ్ళు నడిచిన ధనవంతుని రోడ్డుకు అంత శ్రద్ధ ఉంటే, ఎద్దులు, బండ్లు, కాలినడక మనుషులు, సైన్యం, బస్సులు అన్నీ నడిచిన మన సడక్‌కు ఎంత ఉండాలి?

8. మీరు కూడా చేయండి

ఈ పెద్ద రోడ్డును ఆరు వరుసలు చేస్తారని ఇప్పుడు మాట నడుస్తున్నది. చేయాలి, ప్రమాదాలు తగ్గాలి. కాని అప్పుడు మిగిలిన చింతచెట్లు, కల్వర్టులు కూడా పోవచ్చు. పోకముందే రాసిపెట్టుకోవడం మన చేతిలో పని. చూడవలసినవి ఇవి:

ఒకటి: వరుసలో ఉన్న పాత చెట్లు. వాటి నడుమ దూరం కొలవండి.

రెండు: కల్వర్టు రాయిదా, ఇటుకదా, సిమెంటు పైపుదా? కమాను ఉందా?

మూడు: రాళ్ళ మీద అంకెలు. 1960ల దాకా రోడ్ల మీద మైళ్ళు ఉండేవి, తర్వాత కిలోమీటర్లు వచ్చినయి. ఒక మైలు 1.609 కిలోమీటర్లు. కాబట్టి మైలు అంకె ఉంటే అది పాత రాయి. అంకె లేని రాయిని ముట్టుకోవద్దు, మా సంగతి చూశారు కదా!

నాలుగు: పేర్లు. సరాయి, బంగళా, పాత సడక్ అని జనం పిలిచే చోట్లు ఎక్కడున్నాయి?

ఐదు: అన్నిటికంటే ముఖ్యం, ముసలివాళ్ళ మాట. మొదటి బస్సు ఎప్పుడు చూశారు? ఎవరు కంకర కొట్టారు? కూలి ఎంత? ఇంట్లో ఎవరైనా ఎద్దుల మీద సరుకు వేసిన సంగతి విన్నారా? ఏ భాషలో చెబితే ఆ భాషలోనే వినండి, వాళ్ళ మాటలు మార్చకుండా రాయండి. చెట్టు ఇంకో పదేళ్ళు ఉండవచ్చు. దాదాలు, యాడీలు ఉంటారని ఏం నమ్మకం?

రెండు సాక్ష్యాలు కలిస్తేనే "నిజం" అని రాయండి. ఒక్కటే ఉంటే "ఫలానా వారు చెప్పారు" అని రాయండి. సెలవుల నుండి వచ్చినాక మీ కాగితాలు నాకు గాని సోషల్ సార్‌కు గాని ఇవ్వండి. వచ్చే సంచికలో అందరి పేర్లతో రాస్తాం.

ఇక బస్సులో అడిగిన ఆ పెద్దమనిషి మళ్ళీ కలిస్తే నేను ఏం చెప్పాలో ఇప్పుడు తెలుసు. "అన్నా, ఈ రోడ్డు రాకముందు ఈ బాట మీద మీ ఇంటికి ఉప్పు తెచ్చింది మా తాతలు. రోడ్డు వచ్చినాక దాని మీద డాంబరు పోసింది మా దాదా. ఇదే మా సంబంధం."